మా మేనల్లుడు తిరుపతి వెళ్ళలేదు: పాఠశాల విద్యాశాఖ అధికారులకు, ఉపాధ్యాయులకు ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ అధికారులకు, మండల విద్యాధికారులకు, ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు,

నమస్కారం.

నేను కోస్తాలో ఒక మండల కేంద్రంలో హార్డ్‌వేర్ షాపు నడుపుకుంటున్నాను. తండ్రి చనిపోయిన పిల్లాడితో బడి ఎలా మెలగాలి అన్న విషయం మీద మూడు చోట్ల అర్జీ ఇచ్చాను. మొదటిది బడిలో, రెండోది మండల స్థాయి కార్యాలయంలో, మూడోది సోమవారం ఫిర్యాదుల రోజున. మొదటి రెండింటికీ జవాబు లేదు. మూడోదానికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడినది. వివరం తెరిచి చూస్తే, ఫీజు విషయమై పాఠశాలతో మాట్లాడటమైనది అని ఉంది. నా అర్జీలో ఫీజు గురించి ఒక్క ముక్క కూడా లేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్పనివ్వండి.

నిరుడు సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు మా బావ పోయాడు. ఎలక్ట్రీషియన్. పక్క ఊళ్ళో పని ముగించుకుని రాత్రి బండి మీద వస్తూ, హైవే పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీని గుద్దుకున్నాడు. మా మేనల్లుడు అప్పుడు నాలుగో తరగతి. తలకొరివి వాడే పెట్టాడు. కుండ మొయ్యలేకపోతే వెనక నుంచి నేను పట్టుకున్నాను. పదో రోజున గుండు చేయించారు. పద్నాలుగో రోజు వాణ్ణి బడికి నేనే తీసుకెళ్ళాను.

గేటు దగ్గర వాడి క్లాసు పిల్లలు ఇద్దరు ఎదురొచ్చారు. "ఏరా గుండూ, తిరుపతి వెళ్ళావా? లడ్డూ ఏదీ?" అన్నారు. పిల్లలు కదా, గుండు కనిపిస్తే ఇంకేమడుగుతారు. వాడు ఒకసారి నా మొహంలోకి చూసి, "ఆఁ, వెళ్ళాను" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. లోపలికి పంపేసి వచ్చేశాను.

మూడు రోజుల తర్వాత సాయంత్రం షాపుకొచ్చి, మేకులు తూచే కాటా పక్కన కూర్చుని అడిగాడు: "మామయ్యా, తిరుపతి లడ్డూలు మన ఊళ్ళో ఎక్కడైనా దొరుకుతాయా?"

"ఎందుకురా?"

"మా క్లాసులో ముప్పై రెండు మంది. అందరూ అడుగుతున్నారు. రేపు తెస్తానని చెప్పాను."

అప్పుడు తెలిసింది నాకు. ఆ మూడు రోజులూ వాడు ఒక తిరుపతి ప్రయాణం మొత్తం అల్లుకున్నాడు. ఏ బస్సెక్కారో, క్యూలో ఎంతసేపు నిలబడ్డారో, కొండ మీద ఎంత చలిగా ఉందో అన్నీ చెప్పాడు. నాన్న భుజాల మీద ఎక్కించుకుని దేవుణ్ణి చూపించాడని కూడా చెప్పాడు. క్లాసు టీచరమ్మ కూడా అదే నమ్మి, చెప్పకుండా రెండు వారాలు మానేస్తే పరీక్షలు పోయాయి కదా అని అందరి ముందూ మందలించింది. ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. నేను వెళ్ళి అసలు సంగతి చెప్పినప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అంతే. బావ పోయిన రెండో రోజునే నేను ఆ బడి ఆఫీసులో చెప్పి వచ్చాను. ఆ కబురు ఫీజుల కౌంటరు దాటి క్లాసు దాకా వెళ్ళలేదు.

ఇంకొకటి. ఆ రెండు వారాలూ మా బావ ఫోన్‌కి బడి నుంచి రోజూ మెసేజ్ వచ్చింది: ప్రియమైన తల్లిదండ్రులకు, మీ అబ్బాయి ఈ రోజు బడికి రాలేదు. ఆ ఫోన్ మా వాడి దగ్గరే ఉండేది. ఛార్జింగ్ అయిపోకుండా చూసుకునేది వాడే. మెసేజ్ మోగినప్పుడల్లా తీసి చదువుకునేవాడు.

బడిని అనే ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి. శ్మశానం నుంచి వచ్చాక వాణ్ణి పక్కకి పిలిచి, "మగపిల్లాడివి, నువ్వు ఏడిస్తే అమ్మ ఏమైపోతుంది? ఇకనుంచి ఇంటికి నువ్వే పెద్దదిక్కు" అన్నాను. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను. మన ఇళ్ళల్లో అందరూ అనే మాటే. వాడు నిజంగానే ఏడుపు మానేశాడు. నెల తర్వాత మా అక్కకి ఒక రాత్రి మెలకువ వచ్చింది. చూస్తే వాడు పక్కన కూర్చుని, తల్లి ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తున్నాడు. గ్యాస్ కట్టేసి ఉందా, తలుపు గడియ పడిందా అని కూడా లేచి చూసేవాడట. తొమ్మిదేళ్ళ పిల్లాడు పెద్దదిక్కు పని అలా చేశాడు. తెల్లారి బడిలో రెండో పీరియడ్‌కల్లా కడుపునొప్పి. డాక్టర్లకి చూపించాం, స్కానింగులు తీయించాం. అన్నీ నార్మల్. నటిస్తున్నాడని బంధువులు కొందరన్నారు.

చివరికి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నంబరుకి ఫోన్ చేశాను. తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడారు. కడుపునొప్పి నిజమైనదే, నోటితో చెప్పుకోలేని దిగులు పిల్లల్లో చాలాసార్లు ఒంటి మీదకి వస్తుంది అన్నారు. పిల్లలు పెద్దవాళ్ళలా రోజంతా దుఃఖపడరట. కాసేపు ఏడుస్తారు, వెంటనే వెళ్ళి ఆడుకుంటారు, మళ్ళీ ఎప్పుడో గుర్తొస్తుంది. ఆడుకుంటున్నాడు కదా అని మరిచిపోయాడనుకోకూడదు. నాన్న ఊరెళ్ళాడు, నిద్రపోయాడు లాంటి మాటలు వద్దు, చనిపోయాడనే చెప్పండి అన్నారు. చిన్నపిల్లలు ఆ మాటల్ని నిజమని పట్టుకుని ఎదురుచూస్తారట, కొందరు నిద్రపోవడానికే భయపడతారట. తాను అల్లరి చేసినందుకే నాన్న పోయాడని లోపల అనుకుంటున్నాడేమో, అడిగి చూడండి అన్నారు. అడిగాను. ఆ రోజు పొద్దున వాడు హోంవర్క్ చెయ్యలేదని బావ కేకలేశాడట. ఆ కోపంతోనే బండి స్పీడుగా నడిపాడని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడు.

జూన్‌లో బడి మారాల్సి వచ్చింది. ప్రైవేటు ఫీజు కట్టే స్థితి లేక సర్కారు బడిలో చేర్చాం. అక్కడా ఎవరికీ చెప్పే ఏర్పాటు లేదు. బడి తెరిచిన కొద్ది రోజులకే ఫాదర్స్ డే వచ్చింది, అందరితోపాటు వాడి చేతా గ్రీటింగ్ కార్డు వేయించారు. పువ్వులు, సూర్యుడు, ఇల్లు అన్నీ వేసి, పేరు రాయాల్సిన చోట మాత్రం ఖాళీగా వదిలేసి ఇంటికి తెచ్చాడు. దాన్ని ఎవరికివ్వాలో తెలియక పుస్తకాల సంచిలోనే పెట్టుకుని రెండు నెలలు తిరిగాడు.

ఆ బడిలోనే మంచి కూడా జరిగింది. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ వీడు రోజూ గుడ్డులో పచ్చసొన తీసి పక్కన పెట్టేయడం గమనించింది. ఎందుకు తినవురా అంటే, "మా నాన్న తెల్లది తిని పచ్చసొన నాకు పెట్టేవాడు" అన్నాడు. ఆవిడ పక్కనే చతికిలబడి, "మీ నాన్న పేరేంటి?" అని అడిగింది. అయిదు నెలల్లో వాణ్ణి ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. "నాకూ నీ అంత వయసప్పుడే మా అమ్మ పోయింది" అని కూడా చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి బావ గురించి గంటసేపు మాట్లాడాడు. ఆవిడకి ఏ శిక్షణా లేదు. మీరు ఈ లేఖలో ఇంకేదీ గుర్తు పెట్టుకోకపోయినా ఆవిడ చేసిన పని గుర్తు పెట్టుకోండి.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2022 జనవరిలో జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ సుప్రీంకోర్టుకి ఇచ్చిన లెక్క ప్రకారం, 2020 ఏప్రిల్ నుంచి కోవిడ్ వల్లో ఇతర కారణాల వల్లో తల్లినో తండ్రినో ఇద్దరినీనో పోగొట్టుకున్న పిల్లలు, వదిలేయబడ్డ కొద్దిమందితో కలిపి, 1,47,492 మంది. ఇద్దరూ పోయినవాళ్ళు 10,094 మంది. ఒక్కరే పోయినవాళ్ళు 1,36,910 మంది. కేంద్రం పీఎం కేర్స్ నిధి కింద 23 ఏళ్ళు నిండేసరికి పది లక్షలు అందేలా పెట్టిన పథకం కోవిడ్ వల్ల తల్లిదండ్రులిద్దరూ లేకుండా పోయినవాళ్ళకే. మిగతా పిల్లలు ఎప్పటిలాగే బడికొచ్చి, ఎప్పటిలాగే బెంచీ మీద కూర్చున్నారు. యాక్సిడెంట్లు, గుండెపోట్లు, పురుగుమందు, కిడ్నీ జబ్బులు కోవిడ్‌తో మొదలవలేదు, దానితో ఆగలేదు. మీ ప్రతి బడిలోనూ అలాంటి పిల్లలు ఉంటారు.

బడి పట్టించుకోకపోతే మామూలు కుటుంబాల మీద ఏం పడుతుందో నేను చూసినంతవరకు చెబుతాను.

1. కూలి పోతుంది. మా అక్క ఇప్పుడు రొయ్యల షెడ్డులో పని చేస్తోంది. కడుపునొప్పి అని బడి నుంచి ఫోన్ వచ్చిన ప్రతిసారీ పని వదిలి పరుగెత్తాలి, ఆ పూట కూలి లేదు. బడిలోనే ఒక పెద్ద మనిషి పది నిమిషాలు పక్కన కూర్చుంటే తగ్గే నొప్పి అది. ఇప్పుడు అలాగే తగ్గుతోంది.

2. లేని జబ్బుకి ఖర్చవుతుంది. రెండు స్కానింగులకి, మందులకి అప్పు చేశాం.

3. రావలసిన సాయం రాదు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం కింద తండ్రి లేని పిల్లలకి నెలకి 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. ఇది మా అక్కకి ఎనిమిది నెలల తర్వాత, పింఛను తీసుకునే చోట ఇంకో ఆవిడ చెబితే తెలిసింది. బడికి తెలిసి ఉంటే మొదటి నెలలోనే తెలిసేది.

4. ఆడపిల్లలైతే ఇంకా అన్యాయం. మా వీధిలో ఒక అమ్మాయికి ఎనిమిదో తరగతిలో తల్లి పోయింది. మర్నాటి నుంచి వంట, తమ్ముడికి స్నానం, బట్టలు, తండ్రికి క్యారేజీ అన్నీ ఆ పిల్ల మీదే పడ్డాయి. రోజూ పావుగంట ఆలస్యం. రోజూ క్లాసు బయట నిలబెట్టారు. ఎందుకు ఆలస్యమవుతోందని ఎవరూ అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు. దసరా సెలవుల తర్వాత బడికి రావడం మానేసింది. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారని విన్నాను. పిల్లల్ని మానసికంగా వేధించకూడదని విద్యాహక్కు చట్టం 2009, 17వ సెక్షన్‌లో ఉంది. అమ్మ పోయిన పిల్లని నలుగురిలో నిలబెట్టడం వేధింపు కిందకి వస్తుందని ఆ బడిలో ఎవరికీ తట్టలేదు.

5. ఆలస్యంగా బయటపడుతుంది. మొదటి నెలల్లో అందరూ పలకరిస్తారు. ఏడాది దాటాక ఎవరికీ గుర్తుండదు. కొందరు పిల్లల్లో చదువు పడిపోవడం, కోపం, ఒంటరిగా ఉండిపోవడం ఆ తర్వాతే మొదలవుతాయి. అప్పటికి క్లాసు మారుతుంది, టీచరు మారతారు, కారణం ఎవరికీ తెలియదు. పిల్లాడు మొండి అనో మందబుద్ధి అనో పేరు పడుతుంది.

ఈ పని మీది కాదు, డాక్టర్లది అనుకోకండి. 2025 జులై 25న సుప్రీంకోర్టు మన విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులోనే తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలంది. అంతకంటే చిన్న బడులు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలంది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. టెలీ మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనిపించేలా రాసిపెట్టాలంది. మా మండలంలో నేను తిరిగిన బడుల్లో ఆ నంబరు రాసి ఉన్న గోడ నాకు కనిపించలేదు.

నేను అడుగుతున్నవి ఇవి.

1. ఒక్క పేజీ సర్క్యులర్ ఇవ్వండి: విద్యార్థి తల్లి గానీ తండ్రి గానీ మరణిస్తే బడి ఏం చెయ్యాలి. సర్కారు బడులకీ ప్రైవేటు బడులకీ ఒకటే. మిగతావన్నీ ఆ పేజీలో పట్టేవే.

2. కబురు బడికి చేరే దారి పెట్టండి. మరణం 21 రోజుల్లోపు నమోదు చేయించాలని ఎలాగూ చట్టం ఉంది. ఆంధ్రాలో ఆ కుటుంబం పింఛనుకనో సర్టిఫికెట్‌కనో గ్రామ, వార్డు సచివాలయానికి వస్తుంది, అక్కడే వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ ఉంటారు. తెలంగాణలో పంచాయతీ కార్యదర్శి ఉన్నారు. చనిపోయినవారికి బడి ఈడు పిల్లలున్నారా అని ఒక్క ప్రశ్న అడిగి ఆ ప్రధానోపాధ్యాయులకి ఫోన్ చేస్తే చాలు. ప్రధానోపాధ్యాయులు అదే రోజు క్లాసు టీచరుకి, పీఈటీకి, వంట చేసేవారికి, బస్సు డ్రైవరుకి చెప్పాలి. క్లాసు మారినా బడి మారినా ఆ మాట పిల్లాడితోపాటు వెళ్ళాలి.

3. బిడ్డ తిరిగి బడికొచ్చే ముందు రోజు టీచరు ఇంటికి వెళ్ళి గానీ ఫోన్లో గానీ మాట్లాడాలి. క్లాసు పిల్లలకి ఏం చెప్పమంటావని ఆ బిడ్డనే అడగాలి. కొందరు పిల్లలు చెప్పమంటారు, కొందరు వద్దంటారు. చెప్పమంటే, ఆ బిడ్డ రాకముందే క్లాసుకి మెల్లగా చెప్పాలి. ఈ ఒక్కటి జరిగి ఉంటే మా వాడు తిరుపతి కథ అల్లుకునే అవసరం ఉండేది కాదు.

4. దినాలు జరిగే రోజుల్ని గైర్హాజరు కింద వెయ్యకండి. హాజరు శాతానికి ముడిపెట్టిన పథకాల్లో ఆ రోజులు కోత పెట్టకండి. పోయిన పరీక్షలు మళ్ళీ పెట్టండి.

5. చనిపోయినవారి ఫోన్ నంబరుని ఆ వారంలోనే బడి రికార్డుల్లోంచి తీసెయ్యండి. ప్రోగ్రెస్ కార్డుల మీద, ఫారాల మీద తండ్రి సంతకం అన్నచోట తల్లి, తండ్రి లేదా సంరక్షకులు అని అచ్చువేయండి.

6. ఫాదర్స్ డే, మదర్స్ డే కార్డులు వేయించేటప్పుడు నీకిష్టమైన మనిషికి వెయ్యి అని చెప్పండి. పోయిన నాన్నకే వేస్తానంటే వెయ్యనివ్వండి.

7. మిషన్ వాత్సల్య దరఖాస్తు బడిలోనే నింపించి జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కి పంపండి.

8. టెలీ మానస్ 14416, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్లు ప్రతి బడి గోడ మీదా తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి.

9. ఉపాధ్యాయ శిక్షణల్లో ఒక్క పూట దీనికివ్వండి. దుఃఖంలో ఉన్న పిల్లలతో ఏం మాట్లాడాలో తెలియక చాలామంది టీచర్లు అసలు మాట్లాడటమే మానేస్తున్నారు. పెద్ద మాటలేవీ అక్కర్లేదు. "మీ నాన్నగారు చనిపోయారని తెలిసింది. నాకు చాలా బాధగా ఉంది. క్లాసులో ఉండలేకపోతే నాకు చెయ్యి చూపించు, బయట కాసేపు కూర్చుందువుగాని" అంటే చాలు. పదిమందిలో పాపం అనకండి, తండ్రి లేని పిల్లాడని పరిచయం చెయ్యకండి.

ఇదంతా భారమని మీరు అనరని నా నమ్మకం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ఒకే రోజున రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టి లక్షలమంది తల్లిదండ్రుల్ని బడికి రప్పించారు. అంత పని చెయ్యగలిగిన శాఖకి ఒక పేజీ సర్క్యులర్ లెక్కలోది కాదు. తర్వాత జరిగే మీటింగుల్లో, తల్లి గానీ తండ్రి గానీ లేని పిల్లల తరఫున వచ్చే అమ్మమ్మలకీ మేనమామలకీ కూడా ఒక కుర్చీ వేసి, పిలుపు వాళ్ళ పేరు మీద పంపండి.

బంధువులకీ ఇరుగుపొరుగుకీ కూడా ఒక మాట. ఆచారాల మీద నాకు తగువు లేదు, మా బావకి వాడి చేత్తోనే అన్నీ చేయించాం. కానీ చావింట్లో పిల్లాడి భుజం మీద చెయ్యేసి ఇక నువ్వే ఇంటికి పెద్దవాడివి అనే ముందు ఒక్క క్షణం ఆగండి. నేను ఆ మాట వెనక్కి తీసుకోవడానికి వాడితో కూర్చుని నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది: పెద్దవాణ్ణి నేనున్నాను, నువ్వు పడుకో అని.

మా వాడిప్పుడు అయిదో తరగతి పూర్తి చేస్తున్నాడు. పచ్చసొన తింటున్నాడు. జూన్ 12న బడులు మళ్ళీ తెరుస్తారు, ఆరో తరగతికి ఇంకో బడి, కొత్త టీచర్లు. వాళ్ళకి వాడి సంగతి నేను వెళ్ళి చెప్పుకుంటాను. చెప్పుకోవడానికి మేనమామ లేని పిల్లల కోసం ఆ తేదీలోపు సర్క్యులర్ రావాలని కోరుతున్నాను. దాని నమూనా ఒక పేజీ మీద రాసి పెట్టాను. ఏ సోమవారం ఏ ఆఫీసుకి తెమ్మంటే ఆ ఆఫీసుకి తెస్తాను.

ఇట్లు,
ఒక మేనమామ